ఫెహరిస్త్‌లో లేని కితాబు

అబ్బా ఇంతెఖాల్ అయిన నలభై రోజులకి భయ్యా ఇంటి మాటెత్తాడు. ఇల్లు అమ్మేద్దామన్నాడు. అందులో తప్పేం లేదు. పైకప్పు కారుతోంది, అమ్మీ ఒక్కత్తే ఉండలేదు, భయ్యా దగ్గరికి వెళ్లాల్సిందే. మంచాలు, రాగి దేగిశాలు, అమ్మీ జహేజ్‌లో వచ్చిన ట్రంకు పెట్టె ఎవరికి ఏది కావాలో పంచుకున్నాం. ఇక మిగిలింది ముందుగది. మా ఇంట్లో ముందుగది అంటే కితాబులే.

అబ్బా జిల్లా పరిషత్ హైస్కూల్లో ఉర్దూ టీచర్. జీతంలో నెలనెలా కొంత పక్కన పెట్టి కితాబులు కొనేవారు. హైదరాబాద్ వెళ్తే చార్మినార్ దగ్గర అమ్మీకి గాజులు తేవడం మర్చిపోయేవారు గానీ ఉర్దూ కితాబు మర్చిపోయేవారు కాదు. చివరి ఇరవై ఏళ్లలో తెలుగు మీద పడ్డారు. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', స్కైబాబ తెచ్చిన 'జల్జలా', 'వతన్', ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు', ఇవన్నీ ఆయన తలగడ పక్కనే ఉండేవి. "మన ముచ్చట్లు మన నోటితో రాస్తున్నారు బేటీ" అనేవారు.

"రద్దీవాలా కిలో పన్నెండు రూపాయలంటున్నాడు" అన్నాడు భయ్యా. మా భయ్యా చెడ్డవాడు కాదు. రెండు గదుల ఫ్లాట్‌లో ఉంటున్న మనిషి, ఎక్కడ పెట్టుకుంటాడు? నాకు మాత్రం ఆ త్రాసు కళ్లముందు కనబడి గొంతులో ముద్ద దిగలేదు.

మసీదు కమిటీ సదర్ సాబ్‌ని అడిగాను. షాదీఖానా మీద ఒక గది ఖాళీగా ఉంది. ఆయన ఖుష్ అయ్యారు. "కుతుబ్‌ఖానా పెడదాం బహెన్. కాకపోతే ఫెహరిస్త్ కావాలి. ఏమిచ్చారో, ఏం తీసుకున్నామో కాగితం మీద లేకపోతే రేపు ఎవరు ఎవరికి జవాబు చెప్తారు? ఇది అమానత్ కదా" అన్నారు. సబబైన మాటే. ఇంటి రిజిస్ట్రేషన్‌కి రెండున్నర నెలలుంది. ఆలోగా ఫెహరిస్త్ కాకపోతే త్రాసు వస్తుంది. భయ్యాకీ నాకూ అదీ ఒప్పందం.

రెండొందల పేజీల రూళ్ల పుస్తకం కొన్నాను. కితాబు పేరు, ముసన్నిఫ్ పేరు, ఎక్కడ అచ్చయింది, ఏ సంవత్సరం, ఎన్ని పేజీలు. రోజూ జుహర్ తర్వాత కూర్చుని మగ్రిబ్ దాకా రాసేదాన్ని. పద్నాలుగు రోజులకి 163 కితాబులయ్యాయి. లెక్కపెడితే గదిలో ఉన్నవి 1140. మెడ పట్టేసింది, దుమ్ముకి దగ్గు పట్టుకుంది.

భయ్యా కూతురు సెలవులకి వచ్చింది అప్పుడే. నా వెనక నిలబడి కాసేపు చూసి అంది: "ఫుఫ్ఫూ, ఈ కితాబు లోకంలో ఇదొక్కటే కాదుగా. ఇంకెక్కడో లైబ్రరీలో ఇంకో కాపీ ఉంటుంది. అక్కడ ఎవరో ఈ వివరాలన్నీ ఇదివరకే రాసి ఉంటారు. మళ్లీ మనమెందుకు రాయడం? అడిగి తెచ్చుకుంటే పోలా?"

నాకు నవ్వొచ్చింది. అడిగితే ఎవరిస్తారనుకున్నాను. ఇస్తారట. ఇవ్వడం నూరేళ్ల కిందటే మొదలైందట.

అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అని అక్కడి పార్లమెంటు గ్రంథాలయం ఉంది. వాళ్లు 1901 నుంచే తమ కితాబుల వివరాలు కార్డుల మీద అచ్చేసి ఊరూరి లైబ్రరీలకి అమ్మేవారు. ఒక్కడు మెహనత్ చేస్తే వెయ్యిమందికి పనికొస్తుందన్న ఖయాల్. 1960ల్లో అక్కడే పనిచేసిన హెన్రియెట్ అవ్రమ్ అనే ఆవిడ ఆ కార్డులోని ప్రతి ముక్కకీ ఒక నంబరు ఇచ్చి కంప్యూటర్ చదివేలా చేసింది. దాని పేరు మార్క్. ముసన్నిఫ్ పేరు 100లో, కితాబు పేరు 245లో, పేజీల లెక్క 300లో. కితాబు ఏ భాషలోదైనా 245 అంటే కితాబు పేరే. 1971లో ఒహాయో రాష్ట్రంలోని కాలేజీ లైబ్రరీలు ఒకరు ఎక్కించిన రికార్డు ఇంకొకరు వాడుకునేలా కంప్యూటర్లు కలిపాయి. ఈరోజు లోకమంతా అదే తరీఖా.

మా పిల్ల పాత కంప్యూటర్లో కోహా అనే సాఫ్ట్‌వేర్ పెట్టింది. ఇది ముఫ్త్. న్యూజిలాండ్‌లో ఒక చిన్న ఊరి లైబ్రరీ కోసం తయారుచేసి 2000 జనవరిలో వాడకంలోకి తెచ్చారు, తర్వాత లోకానికి వదిలేశారు. కోహా అంటే అక్కడి మావోరీ భాషలో కానుక అని అర్థం. మనం తోఫా అంటామే, అది.

పద్ధతి చెప్తాను, మీ ఇంట్లోనో మీ మొహల్లాలోనో కితాబులుంటే పనికొస్తుంది. కితాబు రెండో వరఖ్ వెనక ఐఎస్‌బిఎన్ నంబరు ఉందేమో చూడండి. మన దేశపు కితాబైతే 81తోనో, 978 తర్వాత 81 లేదా 93తోనో ఉంటుంది. కోహాలో కొత్త రికార్డు దగ్గర 'జెడ్ 39.50' అని ఒక మీట ఉంది. రెండు లైబ్రరీల కంప్యూటర్లు మాట్లాడుకోవడానికి పెట్టుకున్న జబాన్ పేరది. ఏయే లైబ్రరీలని అడగాలో టిక్ పెట్టి, నంబరు కొడితే దొరికిన రికార్డులు వరసగా వస్తాయి. మనది ఏదో చూసి దించుకోవడమే. కోహా లేకపోయినా పర్వాలేదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైటులోనే కితాబుని వెతికి, రికార్డుని ఫైలుగా దించుకోవచ్చు. పైసా ఖర్చు లేదు.

మొదటి కితాబుకి పిల్ల నంబరు కొట్టింది. నేను గ్లాసులో చాయ్ పోసుకునేలోపు పేరు, ముసన్నిఫ్, నాషిర్, సంవత్సరం, పేజీలు, కొలత, అన్నీ తెరమీదకొచ్చాయి. పద్నాలుగు రోజుల మెడనొప్పి గుర్తొచ్చి ఆ చాయ్ చేదెక్కింది.

అసలు ఆశ్చర్యం నంబరు లేని కితాబుల దగ్గర. అబ్బా కొన్న పాతవాటికి నంబర్లెక్కడివి? అయినా 1960ల, 70ల తెలుగు, ఉర్దూ కితాబులు అమెరికాలో ఎన్నో దొరుకుతున్నాయి. ఎలాగని పిల్ల ఆరా తీసింది. కారణం గోధుమలు!

అమ్మీని పిలిచి అడిగాం. "అమెరికా గోధుమలా? యాదున్నాయి. రేషన్ షాపులో ఇచ్చేవారు. ఆ పిండి రొట్టెలు తోలులా సాగేవి. మీ దాదీ తిట్టుకుంటూ కాల్చేది" అంది. ఆ గోధుమలు పి.ఎల్. 480 అనే అమెరికా చట్టం కింద వచ్చాయి. వాటి వెల మన సర్కారు డాలర్లలో కాకుండా రూపాయల్లో చెల్లించింది. ఆ రూపాయలు ఇక్కడే ఖర్చు కావాలి. అందులో కొంత సొమ్ముతో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962లో ఢిల్లీలో ఆఫీసు తెరిచి, మన భాషలన్నిట్లో అచ్చయిన కితాబులు కొని షికాగో, బర్కిలీ, విస్కాన్సిన్ లాంటి యూనివర్సిటీలకి పంపింది. కొన్న ప్రతిదానికీ రికార్డు రాసింది. అంటే దాదీ తిట్టుకుంటూ కాల్చిన రొట్టెల డబ్బుతో మన కితాబులు సముద్రం దాటాయి. ఇప్పుడు వాటి వివరాలు మా ముందుగదికి తిరిగొస్తున్నాయి.

రావడం అంత తేలిక కాదు. రోజంతా 'దొరకలేదు' అనే జవాబే వచ్చేది. పాత రికార్డుల్లో తెలుగు లిపి లేదు, ఉర్దూ లిపి లేదు, అంతా ఇంగ్లీషు అక్షరాలే. ఆ అక్షరాలకి వాళ్ల లెక్క వాళ్లది. మనం 'చరిత్ర' అని ఇంగ్లీషులో కొట్టాలంటే సీ, హెచ్ కొడతాం. వాళ్లు 'చ'కి సీ ఒక్కటే పెడతారు, సీ-హెచ్ అంటే 'ఛ'. మనకి 'త' అంటే టీ-హెచ్, వాళ్లకి టీ ఒక్కటే. 'ముచ్చట్లు' కావాలంటే రెండు సీలు కొట్టాలి. ఇది తెలిశాక తలుపు తెరుచుకుంది. పేరంతా కొట్టకుండా ఒక గట్టి మాట, ముసన్నిఫ్ పేరులో ఒక ముక్క కొడితే చాలు.

ఉర్దూది ఇంకో తమాషా. కలం అన్న మాట అరబీ నుంచి ఉర్దూకీ, ఉర్దూ నుంచి తెలుగుకీ వచ్చింది. ఉర్దూ కితాబు పేరులో ఉంటే అది క్యూ అక్షరంతో, తెలుగు కితాబు పేరులో ఉంటే కె అక్షరంతో ఎక్కుతుంది. ఒకే కలం, రెండు చోట్ల. మన ఇళ్లలో పిల్లలు బడిలో తెలుగు, ఇంట్లో ఉర్దూ మాట్లాడినట్టు.

దించుకున్నదల్లా సహీ అని నమ్మొద్దు. ఇది నేను మెహనత్‌తో నేర్చుకున్న సబఖ్. రికార్డు 1974 అచ్చుదైతే మన చేతిలో ఉన్నది 1981దై ఉండొచ్చు. పేజీలు, సంవత్సరం, నాషిర్ సరిచూసుకోవాలి. ఒక లైబ్రరీ ఉర్దూ నావెల్‌ని అరబీ భాష కింద రాసింది, లిపి చూసి అనేసుకున్నారు కాబోలు. ఇంకోటి నన్ను చాలా బాధపెట్టింది. ఒక తెలుగు కథల పుస్తకం, ఒక ముస్లిం తన బచ్‌పన్ గురించి రాసుకున్నది. బిర్యానీ, బడి దెబ్బలు, వాన, పతంగులు. దాన్ని ఒక లైబ్రరీ 297లో పెట్టింది. లైబ్రరీ లెక్కలో 297 అంటే ఇస్లాం మజహబ్. తెలుగు సాహిత్యం నంబరు 894.827. రాసినవాడి పేరు చూసి కితాబు తెరవకుండానే మజహబ్ అరలోకి తోసేశారు. కథల కోసం వెతికేవాడికి ఆ పుస్తకం ఎప్పటికీ చేతికి రాదు. పిల్ల కోపంగా 297 కొట్టేసి 894.827 పెట్టింది. మా కోహాలో మాత్రమే అనుకోండి. అయినా మనసు కాస్త కుదుటపడింది.

ఇక పేర్లు. మన పేర్లతో ఈ పని చేసేవాళ్లకి ఎంత పరేషానో! కవర్ మీద 'ఎస్.కె.' అని ఉంటుంది. అది షేక్ అని మనకి తెలుసు, ఊరవతల తెలియదు. 'ఎం.డి.' అని ఉంటే మహమ్మద్ అని మనకి తెలుసు. మా చచాని రైల్లో ఒకాయన "మీరే డాక్టరండీ?" అని అడిగి తన మోకాలు చూపించాడట. ఒకే ముసన్నిఫ్ మూడు కితాబుల మీద మూడు రకాలుగా ఉంటాడు: ఒకదాని మీద మొహమ్మద్, ఇంకోదాని మీద ముహమ్మద్, మూడోదాని మీద ఎం.డి. కంప్యూటర్‌కి ముగ్గురు మనుషులు. దీనికి లైబ్రరీవాళ్ల దగ్గర ఒక ఇలాజ్ ఉంది. మనిషికొక రికార్డు రాసి, ఒక పేరు ఖాయం చేసి, మిగిలిన రూపాలన్నీ దాని కింద చేర్చి 'వీళ్లంతా ఒక్కరే' అని రాస్తారు. రేషన్ కార్డుకీ ఆధార్‌కీ పదో తరగతి సర్టిఫికెట్‌కీ పేరు కలవక ఆఫీసుల చుట్టూ తిరిగిన మనవాళ్లందరికీ ఇలాంటిదొకటి ఉంటే ఎంత బాగుండు అనిపించింది.

ఒకరోజు ముఖం లేని కితాబు చేతికొచ్చింది. మొదటి పదహారు పేజీలు చెదలు తినేసింది. ముసన్నిఫ్ పేరు లేదు, ఊరు లేదు, సంవత్సరం లేదు. ప్రతి పేజీ పైన చిన్న అక్షరాల్లో కితాబు పేరు మాత్రం మిగిలింది. వాళ్ల తరీఖాలో ఆ పేరు కొట్టాం. ఒకే ఒక్క రికార్డు. 184 పేజీలు. చివరి పేజీ తిప్పాను, 184. రాసినాయన పేరు, అచ్చయిన ఊరు తెరమీద చదువుతుంటే తప్పిపోయిన పిల్లాడికి బడి రిజిస్టర్‌లో పేరు దొరికినట్టు అనిపించింది.

పదో శతాబ్దంలో బగ్దాద్‌లో ఇబ్నె నదీమ్ అనే కితాబుల వ్యాపారి ఉండేవాడు. అరబీలో తనకి తెలిసిన కితాబులన్నిటినీ, రాసినవాళ్ల వివరాలతో ఒకచోట రాశాడు. హిజ్రీ 377లో. దాని పేరే అల్ ఫిహ్రిస్త్. అందులోని కితాబులు ఎన్నో ఇప్పుడు లోకంలో లేవు. ఒక్క వరఖ్ కూడా మిగల్లేదు. అలాంటి కితాబు ఒకటుండేదని మనకి తెలిసింది ఆయన రాసిపెట్టినందుకే. కితాబు పోయినా దాని పేరు నిలబడొచ్చు. పేరే ఎక్కకపోతే పోయిందని ఏడ్చేవాళ్లు కూడా ఉండరు.

పనంతా అయ్యేసరికి లెక్క తేలింది. 1140లో 618కి రికార్డులు దొరికాయి. 522కి దొరకలేదు. ఆ 522 ఏమిటని చూశాను. చిన్న ఊళ్లలో సొంత ఖర్చుతో వేసుకున్న కవిత్వం, ముషాయిరాల గుల్దస్తాలు, దూదేకులవాళ్ల సంఘం సంచిక, బీడీ కార్మికుల మీద ఒక కరపత్రం, స్కూలు మాస్టర్లు రాసిన ఊరి చరిత్రలు. మనవే ఎక్కువ. మనం అచ్చేసుకున్నాం, పంచుకున్నాం, ఎవరి ఫెహరిస్త్‌లోనూ ఎక్కించలేదు. ఎవరో రాసి ఉంటారు, దించుకుందాం అంటే ఎవరు రాస్తారు? ఆ 522 మేమే రాశాం.

అందులో 522వది అబ్బాది.

అవును, అబ్బా కూడా ఒక కితాబు వేశారు. 1984లో. మా ఊరి సాయెబుల సామెతలు, తెలుగులో. మూడొందల కాపీలు. పి.ఎఫ్. లోను తీసి వేశారని అమ్మీ నలభై ఏళ్లుగా దెప్పుతూనే ఉంది. వెల వేయలేదు, అడిగినవాళ్లకి ఇచ్చేవారు, అడగనివాళ్లకీ ఇచ్చేవారు. మంచం కింద ఇంకా అరవై కాపీల కట్ట ఉంది. ఒకటి ఫ్రిజ్ కాలు కింద ఉంది.

ఢిల్లీ ఆఫీసువాళ్లు ఎక్కడైనా కొని ఉంటారేమోనని వెతికాను. సీ ఒక్కటి, సీ రెండు, టీ, టీ-హెచ్, అన్నీ కొట్టి చూశాను. దొరకలేదు. ఖాళీ ఫారం తెరిచి కూర్చున్నాను. చెయ్యి ఆడలేదు. సొంత బాప్ కితాబుని లోకం ఫెహరిస్త్‌లో ఎక్కించడం గొప్పలకి పోవడమా అనిపించింది. తర్వాత సమస్య పేరు. కవర్ మీద ఎస్.కె. అని ఉంది. పెన్షన్ బుక్కులో షేక్. నిఖానామాలో శేఖ్. ఆధార్‌లో ఇంకేదో. ఏది ఖాయం చేయాలి? చివరికి ఆయన దస్తఖత్ చూశాను. కితాబు కొన్నప్పుడల్లా మొదటి పేజీలో చేసేవారు. ఆ దస్తఖత్‌లో ఉన్నదే 100లో పెట్టాను, మిగిలినవన్నీ కింద చేర్చాను.

245లో పేరు. 300లో 56 పేజీలు. వివరాల గడిలో ఒక మాట రాశాను: 'ముసన్నిఫ్ స్వదస్తూరీతో అచ్చుతప్పులు దిద్దిన కాపీ.' ఎందుకంటే ప్రెస్సువాడు చేసిన పదకొండు తప్పుల్ని అబ్బా మూడొందల కాపీల్లోనూ నల్ల సిరా కలంతో ఒక్కొక్కటే దిద్దారు.

ఆ రాత్రి భయ్యా వచ్చాడు, రిజిస్ట్రేషన్ కాగితాల పనిమీద. నా వెనక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చాలాసేపు తెర చూశాడు. నేను మాట్లాడలేదు.

"56 కాదు" అన్నాడు.

"ఏంటి భయ్యా?"

"పేజీలు. చివర్లో నంబర్లు లేనివి నాలుగున్నాయి. సామెతలు చెప్పినవాళ్ల పేర్లు. డబ్బులు అయిపోతే ప్రెస్సాయన తీసేద్దామన్నాడు. అబ్బా వినలేదు. ఆ నాలుగు పేజీలు నేనే మడతపెట్టి లోపల పెట్టా. మూడొందలకీ. అప్పుడు తొమ్మిదో తరగతి నేను."

మంచం కింది కట్ట లాగి ఒక కాపీ తీసి చూశాను. ఉన్నాయి. నీళ్లు మోసే బిస్తీ పేరు, గాజులమ్మే ఖాలా పేరు, మా దాదీ పేరు. 300లో దిద్దాను: 56, నంబరు లేని 4 పేజీలు.

"ఇప్పుడు సరిగ్గా ఉంది" అన్నాడు భయ్యా.

షాదీఖానా మీద గదికి కితాబులు వెళ్లాయి. పెద్ద పెద్ద ఉమ్మడి ఫెహరిస్తుల్లో ఎక్కించాలంటే సభ్యత్వం, చందా ఉండాలి. అవి మనవల్ల కాదు. ఓపెన్ లైబ్రరీ అని ఒకటుంది, ఎవరైనా ముఫ్త్‌గా ఖాతా తెరిచి కితాబు వివరాలు ఎక్కించొచ్చు. మా పిల్ల వారానికి పది చొప్పున ఎక్కిస్తోంది. కోహా నుంచి 522 రికార్డులూ ఒకే ఫైలుగా తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాను, ఏ లైబ్రరీవాళ్లు అడిగినా ఇవ్వడానికి. మీ ఇంట్లో మీ దాదానో నానానో వేసిన కితాబు ఉంటే, ముందు ఫ్రిజ్ కింద నుంచి తీయండి. తర్వాత పేజీలు లెక్కపెట్టండి, నంబర్లు లేనివి కూడా.